నిప్పుకొండల దీవులకు ప్రయాణం కట్టే ముందు



పసిఫిక్ దీవుల్లో సాహసయాత్ర అనగానే ప్రయాణాల ప్రకటనల్లో ఒక ఫొటో తరచూ కనిపిస్తుంది. నల్లటి పెద్ద బిలం, దాని అడుగున కుతకుత ఉడుకుతున్న ఎర్రటి లావా చెరువు, అంచు మీద వెండిరంగు సూటు తొడుక్కున్న మనిషి. వనువాటు దేశంలో అంబ్రిమ్ అనే దీవి మీద తీసిన ఫొటోలు అలాంటివి. మారుమ్, బెన్‌బో అని అక్కడ రెండు అగ్నిశిఖరాలున్నాయి. ఆ ఫొటోల్లో మోసమేమీ లేదు, ఉన్నదే తీశారు. కాకపోతే 2018 డిసెంబరులో ఆ దీవి అడుగున శిలాద్రవం పక్కకు దారి చేసుకుని సముద్రం వైపు జారిపోయింది. కొద్ది రోజుల్లోనే పైన చెరువులు ఖాళీ అయ్యాయి. తీరప్రాంతంలో నేల నిలువునా పగుళ్ళిచ్చి ఇళ్ళు దెబ్బతిన్నాయి. చెరువు పోయినా ఫొటో మాత్రం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ దేశానికి ప్రయాణం కట్టడం గురించి. ఏమేం చూడాలో రాసుకోవడం తేలిక. అందులో సగం చూడకుండానే తిరిగి రావలసి వస్తే ఒప్పుకోగలమా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒప్పుకోగలిగినవాళ్ళకు అంత మంచి దేశం ఇంకొకటి దొరకదు. ఒప్పుకోలేనివాళ్ళు బాలికో, మాల్దీవులకో వెళ్ళడం ఉభయులకూ క్షేమం.

వనువాటు ఆస్ట్రేలియా ఈశాన్య తీరానికి తూర్పున, ఫిజీకి పడమరన ఉంది. 80కి పైగా దీవులు ఉత్తర దక్షిణాలుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంటాయి. దేశమంతా కలిపి జనాభా 3 లక్షల చిల్లర, అంటే మన నిజామాబాద్ పట్టణమంత. ఆ కొద్దిమందీ వందకు పైగా భాషలు మాట్లాడతారు. అందరినీ కలిపేది బిస్లామా అనే భాష. 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ కలిసి ఈ దీవుల్ని ఏలాయి. ఒకే దేశానికి రెండు పోలీసు దళాలు, రెండు రకాల చట్టాలు, రెండు జైళ్ళు. కాపురం అలా గడిచి గడిచి 1980 జూలై 30న స్వాతంత్ర్యం వచ్చింది. భూగోళంలో ఒక పలక ఇంకొక పలక కిందికి దూరుతున్న చోట ఈ దీవులు పుట్టాయి. నిప్పుకొండలూ భూకంపాలూ అక్కడ వింత కాదు.

మన దగ్గర్నుంచి నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి ఫిజీలో నాండి, అక్కడి నుంచి రాజధాని పోర్ట్ విలా. ఇది ఒక దారి. సిడ్నీ, బ్రిస్బేన్ల మీదుగా ఇంకొక దారి ఉంది. అటు వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళు ఆస్ట్రేలియాలో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. ఈ చిన్న కాగితం లేక చెక్ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయినవాళ్ళున్నారు.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుపానుల కాలం. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా దాని నడిమధ్యన పడతాయి కాబట్టి సంక్రాంతి మాట మరచిపోండి. 2015 మార్చిలో పామ్ తుపాను ఆ దేశాన్ని నేలమట్టం చేసినంత పని చేసింది. 2023 మార్చిలో జూడీ, కెవిన్ అని రెండు తుపానులు రెండు మూడు రోజుల తేడాలో వచ్చి పడ్డాయి. మే నుంచి అక్టోబరు దాకా పొడి వాతావరణం, చల్లటి గాలి. దసరా సెలవులు ఆ లెక్కకు సరిపోతాయి. అలాగని అక్టోబరును పూర్తిగా నమ్మడానికీ లేదు. 2023లోనే లోలా అనే పెద్ద తుపాను కాలం రాకముందే, అక్టోబరులో, వచ్చి కూర్చుంది. మన బడిపిల్లల వేసవి సెలవుల్లో వచ్చే మే నెల అన్నిటికన్నా అనుకూలం. మే నెలకు ఇంకొక ఆకర్షణ కూడా ఉంది, కాసేపట్లో చెబుతాను.

ముందు నిప్పుకొండ సంగతి.

అంబ్రిమ్ చెరువులు పోయినా దక్షిణాన టన్నా దీవిలో యాసూర్ ఉంది. ఎత్తు 361 మీటర్లు. మన తిరుమల కొండకు సగం కూడా లేదు. కానీ అది కొన్ని వందల ఏళ్ళుగా ఆగకుండా పేలుతూనే ఉంది. 1774లో కెప్టెన్ కుక్ ఆ దారిన పోతూ రాత్రిపూట ఆకాశంలో ఎర్రటి కాంతిని చూసి ఓడను అటు తిప్పాడు. తన ఓడ పేరే ఆ రేవుకు పెట్టాడు, రెజల్యూషన్ రేవు అని. కొండ ఎక్కుతానంటే మాత్రం దీవివాళ్ళు ఎక్కనివ్వలేదు. అది వాళ్ళకు పవిత్ర స్థలం. ఈ రోజుల్లో టికెట్టు కొన్నవాళ్ళందరినీ ఎక్కనిస్తున్నారు. కుక్ కన్నా మనం అదృష్టవంతులం.

పోర్ట్ విలా నుంచి టన్నాకు చిన్న విమానంలో గంటలోపు ప్రయాణం. దిగేది దీవికి పడమటి వైపు, కొండ ఉన్నది తూర్పున. మధ్యలో జీపు ప్రయాణం రెండు గంటలు పట్టవచ్చు. అడవి, మర్రిచెట్లు, ఊళ్ళు దాటుకుంటూ వెళ్ళగా ఒక మలుపు దగ్గర పచ్చదనం ఒక్కసారిగా ఆగిపోతుంది. అక్కడి నుంచి నల్లటి బూడిద మైదానం. ఒకప్పుడు అక్కడ చెరువుండేది. 2000లో గట్టు తెగి నీళ్ళన్నీ సముద్రంలో కలిశాయి. జీపు దాదాపు బిలం దాకా వెళుతుంది. నడిచేది పావుగంటే. ఇంత సులువుగా చేరగలిగిన, ఇంత చురుకైన నిప్పుకొండ ప్రపంచంలో అరుదు. ప్రమాదం కూడా ఆ సులువులోనే ఉంది. కాళ్ళు నొప్పి పుట్టకుండా చేరుకున్న చోటు ప్రాణం తీయగలదని మనసుకు ఎక్కదు.

సాయంత్రం పూట వెళ్ళాలి. వెలుతురు ఉండగా బిలం ఆకారం, పొగ, అంచుల దారి తెలుస్తాయి. చీకటి పడ్డాక రంగు తెలుస్తుంది. కొన్ని నిమిషాలకొకసారి కింద గాలి గుప్పున బిగుసుకున్నట్టవుతుంది. శబ్దం చెవికన్నా ముందు రొమ్ముకు తగులుతుంది. ఆ వెంటనే కరిగిన రాతి ముద్దలు పైకి లేచి, ఒక్క క్షణం ఆగినట్టుండి, బిలంలోకే రాలిపోతాయి. మామూలు రోజుల్లో బిలంలోకే. కొన్ని రోజుల్లో బయటికీ. 1990లలో అక్కడ సందర్శకులు చనిపోయిన సంఘటనలున్నాయి. అందుకే వనువాటు వాతావరణ, భూవిపత్తుల శాఖ ప్రతి నిప్పుకొండకూ సున్నా నుంచి అయిదు దాకా హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. యాసూర్ సాధారణంగా రెండులో ఉంటుంది. మూడు అయితే పైకి పంపరు. బయలుదేరే ముందు వారం రోజులూ ఆ శాఖ ప్రకటనలు చూసుకోవాలి. టన్నాలో దిగాక ఆ రోజుది మళ్ళీ చూసుకోవాలి. మూసి ఉన్న రోజున, "పర్లేదు, ఇంకొక దారి ఉంది, నేను తీసుకెళతాను" అనే మనిషి ప్రపంచంలో ప్రతి చోటా ఉంటాడు. వాడికి దండం పెట్టి పక్కకు తప్పుకోవడమే మంచిది.

బిలం అంచున గైడు చెప్పే మొదటి మాట మన సహజబుద్ధికి పూర్తిగా ఎదురు. రాయి మీ వైపు వస్తే వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు. తల పైకెత్తి అది ఎక్కడ పడబోతోందో చూసి, పక్కకు జరగాలి. చీకట్లో, బూడిదలో, వందమంది మధ్య ఇది చెప్పినంత తేలిక కాదు. అందుకే సెల్ఫీ కోసం బిలానికి వీపు పెట్టి నిలబడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గాలి ఎటు వీస్తుందో దానికి ఎదురు వైపున నిలబడాలి. గంధకపు పొగ ఉబ్బసం ఉన్నవాళ్ళకు మంచిది కాదు. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్ళజోడు పెట్టుకోవాలి. మాస్కు, టార్చిలైటు, ముందుభాగం మూసి ఉన్న బూట్లు. చెప్పులేసుకుని నిప్పుకొండ ఎక్కుతానంటే దేవుడే దిక్కు.

ఇక ఆ దేశంలో మనవాళ్ళకు కొంచెం కొత్తగా అనిపించే విషయం ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాసుకున్న రాజ్యాంగంలోనే నేల అంతా అక్కడి మూలవాసులదీ వాళ్ళ వారసులదీ అని ఉంది. దాని ఫలితం ప్రయాణికుడికి రోజూ తెలుస్తుంది. జలపాతం ఒక కుటుంబానిది, వేడినీటి ఊట ఇంకొక కుటుంబానిది, బీచికి దిగే కాలిబాట మూడో కుటుంబానిది. ఎవరిది వాళ్ళను అడగాలి, రుసుము కట్టాలి. ప్రతి మలుపులో డబ్బులడుగుతున్నారని విసుక్కునేవాళ్ళున్నారు. మన పెరట్లోకి రోజూ పాతికమంది కెమెరాలతో వస్తే మనమైతే ఎంత అడిగేవాళ్ళమో ఆలోచించండి. బేరమాడడం అక్కడి పద్ధతి కాదు. టిప్పులివ్వడమూ కాదు. బేరమాడకుండా కూరగాయలు కొనడం తెలియని మనకు ఇదీ ఒక సాహసమే.

ఒక్కొక్కసారి డబ్బిచ్చినా దారి తెరవరు. ఊరి పెద్ద చనిపోయాడనో, చేపలు మళ్ళీ పెరగాలనో ఒక తీరాన్ని కొంతకాలం మూసేస్తారు. గుర్తుగా నమేలె ఆకు కట్టి పెడతారు. ఈతమట్టలా ఉంటుంది. ఆ దేశపు జెండా మీద పందికోర మధ్యలో ఉన్న రెండు ఆకులూ అవే. ఆ ఆకు కనబడితే వెనక్కి తిరగడమే. కాపలావాడు ఉండడు, కంచె ఉండదు. అయినా ఎవరూ దాటరు.

మే నెల ఆకర్షణ అన్నాను కదా. పెంటెకోస్ట్ దీవి దక్షిణ భాగంలో నఘోల్ అనే వేడుక జరుగుతుంది. పెండలం పంట చేతికొచ్చే కాలం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎక్కువగా శనివారాల్లో. అడవి కర్రలతో, తీగలతో ముడులు వేసి ఇరవై ముప్ఫై మీటర్ల బురుజు కడతారు. ఒక్క మేకు ఉండదు. మగవాళ్ళు కాలి చీలమండలకు తీగలు కట్టుకుని తలకిందులుగా దూకుతారు. కింద మట్టిని గుల్ల చేసి ఉంచుతారు. దూకినవాడి భుజం నేలను అలా తాకీ తాకకుండా పైకి లేవాలి. అది తాకితేనే వచ్చే ఏడు పంట బాగుంటుందని నమ్మకం. ఆడవాళ్ళు కింద పాడుతూ ఆడుతుంటారు. దీని వెనక కథ మాత్రం ఒక ఆడమనిషిదే. మొగుడి బాధ పడలేక ఆమె మర్రిచెట్టెక్కి, కాళ్ళకు తీగ కట్టుకుని దూకిందట. వెంట దూకిన మొగుడికి తీగ లేదు. మగవాళ్ళు అప్పటి నుంచి తీగ కట్టుకునే దూకుతున్నారు.

ఆ తీగలోనే అసలు విద్య ఉంది. వానలు వెలిసిన కొత్తలో తీగలో సరిపడా నీరుండి సాగుతుంది. కాలం తప్పితే సాగదు, తెగుతుంది. 1974 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాణి వస్తున్నారని వలస పాలకులు కాలం కాని కాలంలో ఈ వేడుక జరిపించారు. తీగలు తెగి ఒకాయన చనిపోయాడు. రాణిగారి పర్యటన తేదీకి తీగ లొంగదని ఊరివాళ్ళకు తెలియక కాదు. ఈ వేడుక నుంచే ఆలోచన తీసుకుని 1979లో ఇంగ్లండులో కొందరు యువకులు బ్రిస్టల్‌లో ఒక వంతెన మీద నుంచి రబ్బరు తాళ్ళతో దూకారు. బంగీ జంపింగ్ అలా మొదలైంది. పెంటెకోస్ట్‌లో మనం దూకడానికి లేదు, చూడడమే. వీడియో తీయడానికి వేరే రుసుము ఉంటుంది. ముందే అడగండి.

ఉత్తరాన ఎస్పిరిటు సాంటో దీవికి నీళ్ళలోకి దిగేవాళ్ళు వెళతారు. ప్రెసిడెంట్ కూలిడ్జ్ అని ఒకప్పటి విలాసనౌక, రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల్ని మోసేది. 1942 అక్టోబరు 26న తమ పక్షం వాళ్ళు పెట్టిన మందుపాతరల మీదికే పోయి మునిగింది. దాని మీద 5,000 మందికి పైగా ఉంటే ఇద్దరే చనిపోయారు. ఇప్పుడది ఇరవై మీటర్ల లోతు నుంచి డెబ్భై దాకా వాలి పడుకుని ఉంది. ఒడ్డు నుంచే నడుచుకుంటూ వెళ్ళి మునగవచ్చు. దగ్గరలోనే మిలియన్ డాలర్ పాయింట్. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం బుల్డోజర్లు, లారీలు, జీపులు సముద్రంలోకి తోసేసి వెళ్ళిపోయిన చోటు. డైవింగ్ సర్టిఫికెట్ ఇక్కడే, గోవాలోనో అండమాన్లోనో తెచ్చుకుని వెళితే అక్కడ రోజులు కలిసి వస్తాయి. చివరి డైవుకూ విమానం ఎక్కడానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. టికెట్లు కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. నీళ్ళంటే భయమున్నవాళ్ళకు సాంటో అడవుల్లో మిలీనియం గుహ ఉంది. వెదురు నిచ్చెనలు దిగి, చీకటి గుహలో మోకాటిలోతు నీళ్ళలో నడిచి, చివరికి ఏటి వాలున తేలుతూ బయటపడాలి. నీలినీటి గుంటలు కూడా ఉన్నాయి. వాటి గురించి చెప్పడం దండగ, చూడాల్సిందే.

సాంటోకు ఎదురుగా అంబే దీవి దూరంగా మబ్బులో ఉంటుంది. యుద్ధకాలంలో సాంటోలో పనిచేసిన అమెరికన్ రచయిత జేమ్స్ మిచెనర్, అందీ అందని ఆ దీవిని చూసే తన కథల్లో బాలిహాయ్ అనే స్వర్గాన్ని కల్పించాడని చెబుతారు. 2017 సెప్టెంబరులో అక్కడి మనారో నిప్పుకొండ లేచినప్పుడు దీవి మొత్తం ఖాళీ చేయించారు. దాదాపు 11,000 మంది. తిరిగి వచ్చిన మరుసటి ఏడు మళ్ళీ ఖాళీ చేయవలసి వచ్చింది.

ఇలాంటి ఆటంకాలు ఇంకా ఉన్నాయి. 2024 మేలో ఎయిర్ వనువాటు ఉన్నట్టుండి విమానాలు ఆపేసి దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రయాణికులు ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకున్నారు. అదే ఏడు డిసెంబరు 17న పోర్ట్ విలా దగ్గర 7.3 తీవ్రతతో భూకంపం వచ్చి నగరం నడిబొడ్డున భవనాలు కూలాయి. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. లెక్క వేసుకోవడానికి చెబుతున్నాను. పది రోజుల ప్రయాణమైతే మూడు రోజులు దేనికీ కేటాయించకుండా వదిలేయండి. ఆ ఖాళీ రోజులు ప్రయాణం చివర కాకుండా దీవికీ దీవికీ మధ్య ఉండాలి. చిన్న విమానం ఈ రోజు రాకపోతే రేపు వస్తుంది. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క దీవి అని బిగించి కట్టుకున్న ప్రయాణం మొదటి వానకే చెదిరిపోతుంది. రెండే దీవులు ఎంచుకోండి. టన్నా, సాంటో చాలు. పెంటెకోస్ట్ కావాలంటే సాంటోను వదులుకోండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు చిన్నక్షరాలు చదవండి. స్కూబా డైవింగ్‌కు, నిప్పుకొండకు వర్తించని పాలసీ ఈ ప్రయాణానికి పనికిరాదు. పెద్ద జబ్బు చేస్తే ఆస్ట్రేలియాకో న్యూ కలెడోనియాకో విమానంలో తరలిస్తారు. ఆ ఖర్చు పాలసీలో ఉండాలి.

చేతిలో అక్కడి డబ్బు, అంటే వాటు నోట్లు, ఉంచుకోవాలి. ఊళ్ళలో కార్డు గీకే యంత్రం ఉండదు. చిన్న విమానాల్లో సామాను బరువు మీద పట్టింపు ఎక్కువ. పెద్ద పెట్టెలు పోర్ట్ విలాలో వదిలేసి వెళ్ళాలి. పలచటి ప్లాస్టిక్ సంచుల్ని ఆ దేశం 2018లోనే నిషేధించింది, గుడ్డ సంచి పట్టుకెళ్ళండి. ఆవకాయ తీసుకెళితే కస్టమ్స్ కాగితంలో ఆవకాయ అని రాయండి. దాచి పట్టుబడితే సీసా పోవడంతో పాటు జరిమానా కూడా పడవచ్చు. ఊళ్ళలోకి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళూ మగవాళ్ళూ మోకాళ్ళు కప్పే బట్టలు కట్టుకోవాలి. ఆదివారం చర్చికి పోయే రోజు. కొట్లు చాలావరకు మూసి ఉంటాయి.

తిండికి లోటుండదు. లాప్‌లాప్ అని వాళ్ళ వంటకం. పెండలమో చేమదుంపో అరటికాయో తురిమి, కొబ్బరిపాలు పోసి, అరటాకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ళ మధ్య ఉడికిస్తారు. మాంసం లేకుండా చేయమంటే చేస్తారు. కారం మాత్రం అడగకండి, మీ వెంట ఉంటే చల్లుకోండి. పొద్దుగూకే వేళ కావా తాగుతారు. ఒక మొక్క వేరు దంచి నీళ్ళలో పిసికిన రసం అది. చూడ్డానికి బురదనీళ్ళు, రుచి కూడా దాదాపు అంతే. కొబ్బరిచిప్ప ఎత్తి ఒక్క గుక్కలో దించేయాలి. నాలుక మొద్దుబారుతుంది, మనసు నెమ్మదిస్తుంది. కావా తాగేచోట గట్టిగా మాట్లాడకూడదు, మొహం మీద టార్చిలైటు వేయకూడదు. టన్నా పల్లెల్లో ఆ చోటికి ఆడవాళ్ళను రానివ్వరు. అది నాకు నచ్చదు, కానీ వాళ్ళ ఊళ్ళో వాళ్ళ మాటే చెల్లుతుంది. మద్యంతో కలిపి తాగకూడదు. కాలేయం జబ్బున్నవాళ్ళు అసలు ముట్టకూడదు.

ఇంతా అయ్యాక, ఏ నిప్పుకొండా మూసుకోక, ఏ విమానమూ ఆగక, ఆ ఖాళీ రోజులు మిగిలిపోయాయనుకోండి. వాటిని తిరుగుదారిలో ఫిజీలో ఖర్చు పెట్టండి. దానికీ ఒక కారణముంది. 19వ శతాబ్దంలో వనువాటు దీవుల నుంచి వేలమందిని క్వీన్స్‌లాండ్, ఫిజీ తోటల్లో పనికి ఓడల్లో తీసుకుపోయారు. కొందరిని మోసం చేసి, కొందరిని బలవంతంగా. ఫిజీ చెరకు తోటలకు ఆ తర్వాత మనవాళ్ళు వచ్చారు. 1879 నుంచి ఉత్తరాది వాళ్ళు, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళులు, తెలుగువాళ్ళు. గిర్మిట్ అనే ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళు. 1926లో వాళ్ళు పెట్టుకున్న దక్షిణ భారత సంగం ఇప్పటికీ బడులు నడుపుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇప్పుడు తక్కువే. తాతల ఊరి పేరు అడిగితే తడుముకుంటూ చెప్పేవాళ్ళుంటారు. నాండి ఊరికి దక్షిణం కొసన పెద్ద సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, రంగురంగుల గోపురంతో. విమానాశ్రయం నుంచి టాక్సీలో అరగంట లోపే. అక్కడికి వెళ్ళినప్పుడు కూడా మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి.